బాడీ ఫ్యాట్ మిషన్: మా లిఫ్టర్లూ మా బీకాం పిల్లలూ ఎక్కి చూశాక

బరువు చూసుకోవడానికి ఈ మిషన్‌కి వంక పెట్టలేను. కొవ్వు శాతం చూసుకోవడానికైతే కొనేముందు ఈ రివ్యూ మొత్తం చదవండి. ముఖ్యంగా ఆటగాళ్ల కోసం కొంటుంటే.

నేను విజయనగరం జిల్లాలో ఓ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. మా దగ్గర కబడ్డీ కుర్రాళ్లున్నారు, వెయిట్‌లిఫ్టింగ్ ఆడపిల్లలున్నారు. లిఫ్టింగ్ మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడే. అలాంటి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు కాబట్టి బరువుల గురించి వాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్ల బరువు గురించి మాత్రం రోజూ గొడవే. పోటీ చేసే బరువు విభాగం (కేటగిరీ)లో పట్టాలి, బలం తగ్గకూడదు. అందుకే ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు దొరికే బాడీ కంపోజిషన్ మిషన్ ఒకటి డిపార్ట్‌మెంట్‌కి తెప్పించాను. పైన గాజు పలక, నాలుగు లోహపు పట్టీలు, ఫోన్‌లో బ్లూటూత్ యాప్. బ్రాండ్ పేరు రాయను. ఈ ధరలో వచ్చేవి చాలావరకు ఇదే బాపతు కాబట్టి పేరుతో పెద్ద తేడా ఉండదు.

ముందు బరువు సంగతి. మా లిఫ్టింగ్ హాల్లో పోటీ ప్లేట్లు ఉంటాయి కాబట్టి పరీక్షించడం తేలిక. 20 కిలోల ప్లేట్లు రెండు దీని మీద పెడితే 40.0 చూపించింది. ఒకటి తీసేస్తే 20.0. నెలల తర్వాత మళ్లీ పెట్టినా అంతే. గట్టి నేల మీద పెట్టాలి, అదొక్కటే నియమం. కబడ్డీ మ్యాట్ మీద పెడితే నోటికొచ్చిన అంకె చెబుతుంది. చెమట కాళ్లతో ఎక్కితే గాజు జారుతుంది, అందుకని పక్కన గోడ ఉండేచోట వేయించాను.

ఇక అసలు విషయానికొస్తే, ఈ మిషన్ నిజంగా కొలిచేవి రెండే: మీ బరువు, మీ ఒంట్లో కరెంటుకు ఎదురయ్యే అడ్డు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి ఒక మిల్లీ ఆంపియర్ కూడా లేని కరెంటు పంపిస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. కండలో ముప్పాతిక వంతు నీరే, అందులో ఉప్పులుంటాయి, కాబట్టి కరెంటు సులువుగా పోతుంది. కొవ్వులో నీరు తక్కువ, అక్కడ అడ్డు ఎక్కువ. ఆ అడ్డును, మీరు యాప్‌లో ఇచ్చిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాలనూ ఒక సూత్రంలో వేసి కొవ్వు శాతం తీస్తుంది. మిగిలిన పదీ పన్నెండు అంకెలూ (ఎముక బరువు, ప్రొటీన్, పొట్టలోపలి కొవ్వు, 'బాడీ ఏజ్') ఆ రెండు కొలతల నుంచి లెక్కగట్టి తీసినవే. కరెంటు ఒక కాలు ఎక్కి రెండో కాలు దిగిపోతుంది. పొట్ట దాకా సరిగ్గా పోనిదానికి పొట్టలోపల ఏముందో ఎలా తెలుస్తుందని నా అనుమానం. బాడీ ఏజ్ అయితే మా స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకోవడానికి పనికొచ్చింది. మా ఎకనామిక్స్ మాస్టారికి ముప్పై నాలుగు అని చూపించాక ఆయన రోజూ వచ్చి ఎక్కేవారు.

యాప్‌లో 'అథ్లెట్ మోడ్' అని ఒక బటన్ ఉంది. నేను ఈ మిషన్ కొన్నదే దీనికోసం. క్రీడాకారుల ఒంటి తీరు వేరు, మామూలు జనం మీద కట్టిన సూత్రం వాళ్లకు సరిపడదు. కాబట్టి వేరే సూత్రం పెట్టడం న్యాయమే. కానీ ఎవరు అథ్లెట్? జపాన్ కంపెనీ టానిటా తన మిషన్ల విషయంలో ఒక గీత గీసింది: వారానికి 10 గంటలు గట్టి వ్యాయామం, విశ్రాంతిలో గుండె నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా తక్కువ కొట్టుకోవడం. నేను కొన్నదాని పుస్తకంలో అలాంటిదేమీ లేదు. బటన్ ఉంది, నొక్కితే నొక్కండి, అంతే.

నొక్కాను. ఇద్దరి లెక్క మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా అభిప్రాయమంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఒకమ్మాయి మా లిఫ్టర్. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25.1. యాప్ వెంటనే ఎర్రరంగు వేసి 'ఓవర్ వెయిట్' అంది. ఇంకో అమ్మాయి బీకాం చదువుతుంది, ఆటలకు రాదు, బస్సు దిగితే క్లాసు, క్లాసు అయితే బస్సు. ఎత్తు 155, బరువు 46. బీఎంఐ 19.1. పచ్చరంగు, 'నార్మల్'. మామూలు మోడ్‌లో కొవ్వు శాతం లిఫ్టర్‌కు 30.4, బీకాం అమ్మాయికి 26.8. అంటే ఈ మిషన్ ప్రకారం రోజూ స్క్వాట్లు కొట్టే పిల్లకే కొవ్వు ఎక్కువ. అథ్లెట్ మోడ్ నొక్కితే లిఫ్టర్‌ది 23.1కి దిగింది. సరే, బాగుంది. ఊరికే చూద్దామని బీకాం అమ్మాయికీ నొక్కాను. ఆమెదీ 19.5 అయిపోయింది! ఇద్దరమ్మాయిల మధ్య మిషన్ చూపించిన తేడా కన్నా బటన్ తెచ్చిన తేడా రెట్టింపు.

అప్పుడు బీరువాలోంచి పాత క్యాలిపర్ తీశాను. చర్మం మడత పట్టుకుని మందం కొలిచే పనిముట్టు. చేతి ముందువైపు, వెనకవైపు, వీపు మీద రెక్క ఎముక కింద, తుంటి ఎముక పైన, నాలుగు చోట్ల. లిఫ్టర్‌కు నాలుగూ కలిపితే 34 మిల్లీమీటర్లు, బీకాం అమ్మాయికి 56. డర్నిన్, వొమర్‌స్లీ అనే ఇద్దరు 1974లో ఇచ్చిన పట్టికలో చూస్తే సుమారు 21 శాతం, 28 శాతం వస్తాయి. ఆ పట్టిక స్కాట్లాండ్‌లోని జనం మీద కట్టినది, మన ఒంటికి అచ్చంగా సరిపోతుందని ఎవరూ అనరు. అందుకని శాతాన్ని అటూ ఇటూగానే తీసుకోండి. కానీ 34కీ 56కీ ఉన్న తేడా చేతికి తెలుస్తుంది, దానికి పట్టిక అక్కర్లేదు.

ఆ శాతాలనే కిలోల్లోకి మార్చి చూడండి. లిఫ్టర్ ఒంట్లో కొవ్వు 12 కిలోల చిల్లర. బీకాం అమ్మాయి ఒంట్లో దాదాపు 13. తూకంలో ఇద్దరికీ మధ్య 12 కిలోల తేడా ఉంది, కొవ్వు మాత్రం సన్నగా ఉన్న పిల్లలోనే ఓ పిసరు ఎక్కువ. ఆ 12 కిలోలూ కండ, ఎముక, రక్తం, నీరు. బోర్డు మీద ఈ లెక్క వేసి చూపించినప్పుడు మా లిఫ్టర్ "అయితే నాను లావు కాదేటి మేడం?" అంది. బీకాం అమ్మాయి ఏమీ అనలేదు గానీ సాయంత్రం హాల్ ఎన్నింటికి తెరుస్తారని అడిగి వెళ్లింది.

ఇది మా కాలేజీలో బయటపడ్డ వింత కాదు. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కే, ఆయన సహచరుడూ ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను 25 మందిని నీళ్లలో ముంచి తూచారు. ఎత్తుకు తగ్గ బరువు పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది బరువు ఎక్కువై సైన్యానికి పనికిరాని వాళ్లు. నీళ్లలో తూచి ఒంటి సాంద్రత చూస్తే కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. కొవ్వు నీటి కన్నా తేలిక, కండా ఎముకా నీటి కన్నా బరువు, ఆ సూత్రం ఆర్కిమెడిస్ కాలం నాటిదే.

మనవాళ్ల సంగతి దీనికి సరిగ్గా రెండోవైపు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు ఎక్కువుండే తీరు మన దేశంలో మామూలే. అందుకే మనకు బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త పడమంటారు. ఈ సలహా బీకాం అమ్మాయి లాంటివాళ్ల విషయంలో చాలీచాలనిది, ఎందుకంటే ఆమె 19 దగ్గరే ఉంది. లిఫ్టర్ విషయంలో అసలు పనికిరానిది. నేను కొన్న మిషన్ యాప్‌లో రంగులు వేసేది మాత్రం ఈ బీఎంఐ చూసే.

కుర్రాళ్లలోనూ ఇదే కథ, క్లుప్తంగా చెబుతాను. మా కబడ్డీ కార్నర్ డిఫెండర్, బీఎస్సీ కంప్యూటర్స్ కుర్రాడు. ఇద్దరూ 174 సెంటీమీటర్లే. ఒకరు 78 కిలోలు, ఒకరు 77. మామూలు మోడ్‌లో మిషన్ ఇచ్చిన కొవ్వు 22.9, 24.1. అంటే దాదాపు కవలలు. నడుం చుట్టూ టేపు పెడితే డిఫెండర్‌కు 81 సెంటీమీటర్లు, కంప్యూటర్స్ కుర్రాడికి 96. మన మగవాళ్లకు 90 దాటకూడదని, ఆడవాళ్లకు 80 దాటకూడదని డాక్టర్లు చెప్పే గీతలో ఒకడు లోపల, ఒకడు బయట. టేపు ఖరీదు ఇరవై రూపాయలు.

నీళ్ల విషయం ఇంకా తమాషా. కరెంటు పోయేది నీటిలో కాబట్టి ఒంట్లో నీరు మారితే అంకె మారుతుంది. లిఫ్టింగ్‌లో పోటీకి రెండు గంటల ముందు బరువు తూస్తారు. కేటగిరీలో పట్టడానికి ముందురోజు నుంచి నీళ్లు తగ్గించే అలవాటు పిల్లల్లో ఉంది, ఎంత వద్దన్నా మానరు. అలా నీళ్లు మానేసిన ఓ పిల్ల ఉదయాన్నే ఎక్కితే బరువు తగ్గింది, కొవ్వు శాతం పెరిగింది. రాత్రికి రాత్రి కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ఒళ్లు ఎండింది, కరెంటుకు అడ్డు పెరిగింది, మిషన్ దాన్ని కొవ్వు అనుకుంది. దీనికి తోడు ఇంకోటి. లీటర్ సీసా గటగటా తాగించి వెంటనే ఎక్కిస్తే బరువు సరిగ్గా ఒక కిలో పెరిగింది, కొవ్వు శాతమూ కాస్త పెరిగింది! కడుపులో ఉన్న నీరు కాళ్ల మధ్య తిరిగే కరెంటుకు కనిపించదు. బరువు పెరిగింది, అడ్డు తగ్గలేదు, కాబట్టి పెరిగింది కొవ్వే అని దాని లెక్క. "నీళ్లు తాగితే కొవ్వెక్కిపోద్దేటి మేడం?" అని పిల్లలు ఒకటే నవ్వు. ప్రాక్టీస్ అయిన వెంటనే ఎక్కితే ఒళ్లు వేడిగా, చర్మం చెమ్మగా ఉండి శాతం తగ్గి కనిపిస్తుంది. అందుకే ఆ సమయంలో ఎక్కడానికి మా కుర్రాళ్లకు మహా సరదా.

పాదాల గురించి మాన్యువల్‌లో ఒక ముక్క ఉంది, మామూలు ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు గానీ మాకు అవసరమైంది. వట్టికాళ్లతో మట్టిలో ఆడే కబడ్డీ కుర్రాళ్ల అరికాళ్లు మొద్దుబారి పగిలి ఉంటాయి. ఎండిన మందపాటి చర్మం నుంచి కరెంటు సరిగా పోదు. చెమ్మగుడ్డతో తుడిచి ఎక్కించాక ఒకరిద్దరి శాతం కొంత కిందికి దిగింది, కొందరికి మొదట ఎర్రర్ వచ్చింది అదీ పోయింది. ఆడపిల్లల వెండి పట్టీలు కూడా తీయించాను.

ఇప్పటిదాకా అంతా తిట్టినట్టే ఉంది. మరి ఎందుకు వాడుతున్నానంటే, ఒకే మనిషిని ఒకే పద్ధతిలో చూస్తూ పోతే ఇది పనిచేస్తుంది. ఉదయం లేచి, బాత్రూంకి వెళ్లొచ్చి, ఏమీ తినకుండా తాగకుండా, ఒకే మోడ్‌లో. అలా చూసిన అంకె నిజమా కాదా అన్నది పక్కనపెట్టి, అది ఏ వైపు నడుస్తోందో చూడాలి. కొత్తగా చేరిన ఫస్టియర్ పిల్లలు మొదటి సీజన్‌లో వచ్చి "బరువు ఏం తగ్గలేదు మేడం, మానేస్తాను" అంటారు. ఒక అమ్మాయికి సీజన్ మొదట్లో 51 కిలోలు, చివర్లో 51.4. కొవ్వు శాతం మాత్రం మిషన్‌లో మూడు పాయింట్లు దిగింది, టేపులో నడుం తగ్గింది, క్యాలిపర్‌లో మడతలు పలచబడ్డాయి. మూడూ ఒకే మాట చెప్పాయి కాబట్టి నమ్మాను. ఆ అమ్మాయి మానలేదు. ఉత్త తూకం మిషన్ అయితే ఈ మాట చెప్పలేకపోయేది.

యాప్ మీద నాకున్న అసలు కోపం రంగుల మీద. ఆడపిల్లకు ఫోన్‌లో ఎర్రగా 'ఓవర్ వెయిట్' అని చూపిస్తే ఏమవుతుందో ఆ యాప్ చేసినవాళ్లకు తెలియదు. మా హాస్టల్ లిఫ్టర్ ఒకతె ఆ మాట చూసి రాత్రి అన్నం మానేసింది, వారం తిరక్కుండానే స్నాచ్‌లో (బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తడంలో) చేతులు వణికాయి. ఆడవాళ్ల ఒంటికి కనీసం పది పన్నెండు శాతం కొవ్వు ఉండి తీరాలి, హార్మోన్లకు అది కావాలి. ఆటకు తగ్గ తిండి లేక నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడటం ఇవన్నీ కలిపి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే హెచ్చరించింది. నేను ఇప్పుడు శాతం కన్నా ముందు నెలసరి సరిగా వస్తోందా, మెస్‌లో గుడ్డూ పప్పూ తింటోందా అని అడుగుతున్నాను. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. లిఫ్టర్‌కు దానికి దాదాపు రెట్టింపు కావాలి. సాంబారు నీళ్లతో అది అయ్యే పని కాదు, వార్డెన్‌తో నా గొడవ వేరే ఉంది.

అందుకని పిల్లలెవరికీ యాప్ చూపించను. నా ఫోన్‌లోనే ఉంటుంది, పేర్ల బదులు నంబర్లు వేశాను. అది లొకేషన్ అడుగుతుంది, ఫోన్ నంబర్ అడుగుతుంది, తూకానికి లొకేషన్ ఎందుకో! లొకేషన్ ఇవ్వకపోతే బ్లూటూత్ కలవనని మొరాయిస్తుంది. తెలుగు లేదు. ప్రొఫైల్స్ కొన్నే పెట్టుకోనిస్తుంది, టీమ్ మొత్తానికి చాలదు. మిగిలినవాళ్ల అంకెలు నేను నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఆ నోట్‌బుక్కే ఎక్కువ పనికొస్తోంది కూడా. కస్టమర్ కేర్‌కి అథ్లెట్ మోడ్ ఎవరికి వాడాలో చెప్పమని రాస్తే బ్యాటరీలు మార్చి చూడమని జవాబు వచ్చింది.

ఇంట్లో బరువూ దాని నడకా చూసుకోవడానికైతే ధరకు తగ్గ వస్తువే, తీసుకోండి. కాలేజీకో అకాడమీకో, ఆటగాళ్లనూ మామూలు పిల్లలనూ పోల్చడానికైతే ఈ డబ్బులో ఒక క్యాలిపర్, రెండు టేపులు, ఒక ఉత్త డిజిటల్ తూకం వస్తాయి. అవి తీసుకోండి. క్యాలిపర్ పట్టడం నేర్చుకోవాలి, ఒకే మనిషి ప్రతిసారీ అదే చోట పట్టాలి, ఓపిక కావాలి. చేతితో కూడా పట్టుకునే ఎనిమిది ఎలక్ట్రోడ్ల (కరెంటు పంపే లోహపు పట్టీల) మిషన్లు ఒంటి పైభాగాన్నీ చూస్తాయి కాబట్టి వీటి కన్నా మేలు, ధర మాత్రం మా బడ్జెట్ కాదు. పెద్ద ఆసుపత్రుల్లో ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌తో ఒంట్లో కొవ్వు, కండ విడివిడిగా తెలుస్తాయి, కానీ డిగ్రీ కాలేజీ పిల్లలను అక్కడికి ఎవరు తీసుకెళ్తారు? గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను మాత్రం ఈ కరెంటు మిషన్లు వేటి మీదా ఎక్కించకండి, మా స్టాఫ్‌లో ఒకరిని ఆపాను.

కొన్నవాళ్లకు ఒక చిన్న చిట్కా. ప్రొఫైల్‌లో ఎత్తు గుర్తున్నది వేయకండి. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, తల మీద పుస్తకం పెట్టి కొలిచి వేయండి. సూత్రం ఎత్తును వర్గం చేసి వాడుతుంది, రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వేస్తే మీ కొవ్వు శాతం కూర్చున్నచోటే తగ్గిపోతుంది. మా కుర్రాళ్లు ఆ కిటుకు అప్పుడే కనిపెట్టేశారు.